మన్యం భూమి, మన మందిరం: 1/70 చట్టాన్ని సంఘం ఎందుకు బలపరచాలి

కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం చుట్టుపట్ల సుగాలి తండాలు, ఎరుకల కుటుంబాలు మనకు తెలుసు. మన జిల్లాలో షెడ్యూల్డు తెగలవారు ఉన్నారు గాని షెడ్యూల్డు ప్రాంతం ఒక్క ఎకరం లేదు. అందుచేత ఐదో షెడ్యూలు అనగానే అది అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం వారి సంగతి అనుకుంటాము. అయితే ఆ కొండల్లో సువార్త పనికి కానుకలు పంపే విశ్వాసులు మన మధ్య ఉన్నారు. అక్కడ మందిరానికి స్థలం కొందామన్న రోజున ఈ చట్టం మనకూ ఎదురవుతుంది.

ఐదో షెడ్యూలు వెనుక ఒక మాట ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా మాట్లాడారు. రాంచీ మిషన్ బడిలో చదివిన క్రైస్తవుడు, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు నాయకుడు. తరతరాలుగా వచ్చినవాళ్లందరూ తన ప్రజలను తరిమారని చెప్పి, అయినా కొత్త దేశం సమాన అవకాశమిస్తుందన్న మీ మాటను నమ్ముతున్నామన్నారు. 1950లో 244వ అధికరణం, ఐదో షెడ్యూలు అమలులోకి వచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి చేతులు మారకుండా నిషేధించే అధికారం గవర్నరుకు దక్కింది.

ఆ అధికారంతోనే మన రాష్ట్రంలో 1959 భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1970 సవరణతో అది గట్టిపడింది. జనం వాడుకలో వన్ ఆఫ్ సెవెంటీ. అంతకుముందు గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్ముకోగలిగేవాడు. ఇప్పుడు అమ్మేవాడు ఎవరైనా సరే, గిరిజనుడికో, పూర్తిగా గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికో తప్ప బదిలీ చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతడే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

1997 జూలై 11న వచ్చిన సమత తీర్పు ఇంకో అడుగు వేసింది. బొర్రా గుహల ప్రాంతంలో గనుల లీజులపై పుట్టిన వ్యాజ్యం అది. ప్రభుత్వం కూడా ఈ నిబంధనలోని 'వ్యక్తి' కిందికే వస్తుంది గనుక అదీ గిరిజనేతరులకు లీజు ఇవ్వరాదని ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు, ఒకరు విభేదించారు. నాబోతు ద్రాక్షతోట కథ ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. అక్కడ అడిగినవాడు రాజు.

1996 పెసా చట్టం గ్రామసభకు భూమి అన్యాక్రాంతాన్ని ఆపే అధికారం, చిన్న అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం, వడ్డీ వ్యాపారంపై అదుపు అప్పగించమంది. మన రాష్ట్రంలో నియమావళి రావడానికి 2011 దాకా పట్టింది!

ప్రభుత్వమే లీజు ఇవ్వరాదన్నప్పుడు, మైదానం నుంచి వెళ్లిన ట్రస్టుకు మినహాయింపు ఎక్కడిది? దేవుని పని గదా అని ఒక గిరిజన విశ్వాసి పేరున కొని, కాగితం మన దగ్గర ఉంచుకోవడం బేనామీయే. రేపు వివాదం వస్తే కోర్టు మెట్లెక్కేది ఆ విశ్వాసి. పైగా అదే గ్రామంలో షావుకారు చేసిన పనికీ మన పనికీ జనం తేడా చూడరు.

ఇంకొక సంగతి సంఘంలో తరచుగా అడుగుతారు. 1950 షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో, షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ఉన్నట్టు, మతం షరతు లేదు. క్రీస్తును నమ్మిన కొండదొర కొండదొరే. అతని భూమికీ ఈ రక్షణ ఉంది. ఆ రక్షణను సడలించమని అడిగితే మన సహోదరుని పొలం గట్టునే మనం తవ్వినట్టు.

కాబట్టి మన్యానికి కానుక పంపే ముందు సంఘ పెద్దలు రెండు ప్రశ్నలు అడగాలి: స్థలం ఎవరి పేరున ఉంది? గ్రామసభకు తెలుసా? స్థానిక గిరిజన విశ్వాసి సొంత స్థలంలో, పట్టా హక్కు ఆయనదిగానే ఉండగా, పాకలో కూడుకున్నా ఆరాధనకు లోటు లేదు.