టర్బో సీలు వెనుక ఉన్న చరిత్ర

టర్బోలోంచి నూనె కారుతోందని ఇంట్లోనే సీళ్ళు మార్చబూనే మిత్రులు ముందుగా ఆ సీలు చరిత్ర తెలుసుకోవాలని నా అభిప్రాయం.

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి ఈ ఆలోచనకు 1905లో పేటెంటు కోరాడు. ఇంజను వదిలే పొగతో చక్రం తిప్పి, ఇంజనులోకి మరింత గాలిని నెట్టడమే దాని సారాంశం. కార్లలోకి అది 1962లో వచ్చింది, అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వెయిర్ స్పైడర్‌లతో. వాటిలో కార్బ్యురేటర్ కంప్రెసర్‌కు ముందుండేది. థ్రాటిల్ మూయగానే కంప్రెసర్‌లో పీడనం పడిపోయి, బేరింగుల నూనెను పీల్చేది. అందుకే ఆ అమరికకు కార్బన్ సీళ్ళు అవసరమయ్యాయి. థ్రాటిల్ కంప్రెసర్ తర్వాతకు మారాక, పిస్టన్ రింగు వంటి సన్నని లోహపు ఉంగరాలు సరిపోయాయి.

ఆ ఉంగరం ఒక్కటే నూనెను ఆపలేదు. ఇరువైపులా ఉండే పీడనాల తేడాయే ఆపుతుంది. నూనె దిగే గొట్టమో, క్రాంక్‌కేసు గాలి దారో, ఎయిర్ ఫిల్టరో పూడుకుంటే కొత్త సీళ్ళూ కారతాయి. కారిన నూనెనే ఇంధనంగా తాగి, తాళం తిప్పినా ఆగని డీజిల్ ఇంజన్లున్నాయి. కాబట్టి టర్బో విప్పేముందు ఆ మూడు దారులూ చూడండి.