గుంటూరు సూర్యగ్రహణం (1868), పసుపు వర్ణరేఖ: ఫోటాన్ శక్తి గణనలో ప్రమాణాల మార్పిడి

వ్యాససంగ్రహం

1868 ఆగస్టు 18న గుంటూరు, మచిలీపట్నాలలో జరిగిన సంపూర్ణ సూర్యగ్రహణ పరిశీలనలు హీలియం ఆవిష్కరణ చరిత్రలో తొలి ఘట్టం. ఆనాడు కనిపించిన పసుపు రేఖను సోడియం రేఖల నుండి వేరుచేసేది అతిస్వల్పమైన తరంగదైర్ఘ్య భేదం. ఆ రేఖలను నేటి ఫోటాన్ శక్తి సూత్రంతో లెక్కించి, ప్రమాణాల మార్పిడిలో అంకెలను ముందే కుదిస్తే ఆ భేదం ఎట్లా మరుగవుతుందో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గుంటూరు, జాన్సెన్, హీలియం, ఫోటాన్ శక్తి, కాంతి విద్యుత్ ఫలితం, ప్రమాణాల మార్పిడి.

1. ఉపోద్ఘాతం

వాడరేవు, బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాలు చాలాకాలం గుంటూరు జిల్లాలో అంతర్భాగాలు. 1904లో ఆ జిల్లా ఏర్పడక పూర్వం గుంటూరు కృష్ణా జిల్లాలో ఉండేది. ఈ తీరభూమికి చేరువలోని ఆ పట్టణం పేరు ఖగోళ భౌతికశాస్త్ర చరిత్రలో నిలిచిపోయింది. హీలియంను గుంటూరులోనే కనుగొన్నారనే మాట తరచు వినిపిస్తుంది. ఆ మాటలో సత్యం ఎంత అన్నది నిర్ణయించాలంటే కొలతల చరిత్రను పరిశీలించాలి.

2. గ్రహణ పరిశీలన

ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్, బ్రిటిష్ సైనికాధికారి జేమ్స్ టెనెంట్ బృందం గుంటూరులోను, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలోను గ్రహణాన్ని పరిశీలించారు. వర్ణపటదర్శినులలో సౌరజ్వాలల కాంతి ప్రకాశవంతమైన రేఖలుగా కనిపించింది. జ్వాలలు ఉజ్జ్వల వాయురాశులని, వాటిలో ప్రధానమైనది హైడ్రోజన్ అని దీనితో తేలింది. రేఖలలో ఒకటి పసుపుపచ్చనిది. టెనెంట్ దానిని సోడియంకు చెందిన డి రేఖగానే నమోదు చేశారు. పోగ్సన్ డి వద్ద గాని, దానికి సమీపంలో గాని ఉన్నట్లు పేర్కొన్నారు. చీకటి నిలిచినది ఐదు నిమిషాలకు కొద్దిగా పైన మాత్రమే. అంత తక్కువ వ్యవధిలో రేఖ స్థానాన్ని సూక్ష్మంగా కొలవడం దుష్కరం.

జాన్సెన్ అసలు విజయం మరునాటిది. ఆగస్టు 19న గ్రహణం లేకుండానే ఆయన జ్వాలల రేఖలను చూడగలిగారు. వర్ణపటదర్శిని ఆకాశపు కాంతిని విస్తారంగా పరచి పలుచన చేస్తుంది. జ్వాల కాంతి మాత్రం కొద్ది రేఖలలోనే కేంద్రీకృతమై ఉంటుంది. అందువల్ల పగటి వెలుగులోనూ ఆ రేఖలు కనబడతాయి. ఈ విషయాన్ని ఆయన సెప్టెంబరు 19న కాకినాడ నుండి లేఖ ద్వారా తెలియజేశారు. ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అక్టోబరు 20న స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని సాధించారు. ఇరువురి సమాచారం అక్టోబరు 26న ప్యారిస్ విజ్ఞానశాస్త్ర అకాడమీ ముందుకు వచ్చింది.

గ్రహణంతో పనిలేని పద్ధతి కొలతకు కావలసిన సమయాన్ని ఇచ్చింది. పసుపు రేఖ సోడియం జంటరేఖలతో ఏకీభవించడం లేదని లాక్యర్ ఆ ఏడాది చివరి నెలలలో నిర్ధారించారు. డి1, డి2ల ప్రక్కన అది డి3 అయింది. అది తెలియని మూలకానిదన్న భావన నుండి హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే ఆ వాయువును భూమిపై ఒక యురేనియం ఖనిజం నుండి వెలికితీశారు.

3. రేఖల నుండి శక్తికి

1868లోనే స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యికోట్లవ వంతును ప్రమాణంగా తీసుకొని సౌరవర్ణపటాన్ని ప్రకటించారు. తరువాత ఆ ప్రమాణానికి ఆయన పేరే స్థిరపడింది. పది ఆంగ్‌స్ట్రామ్‌లు ఒక నానోమీటరు. డి3 తరంగదైర్ఘ్యం 5876 ఆంగ్‌స్ట్రామ్‌లు, అనగా 587.6 నానోమీటర్లు. 5876ను నానోమీటర్లుగా పొరబడితే శక్తి పదోవంతుకు పడిపోయి, పసుపు కాంతి పరారుణమవుతుంది.

ఫోటాన్ శక్తి ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగాల లబ్ధాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించగా వస్తుంది. ఆ లబ్ధం 1.98645 × 10⁻²⁵ జౌల్-మీటరు. తరంగదైర్ఘ్యాన్ని మీటర్లలో వేస్తే:

డి2 (589.00 నానోమీటర్లు): 3.3726 × 10⁻¹⁹ జౌల్ = 2.1050 ఎలక్ట్రాన్‌వోల్టులు
డి3 (587.56 నానోమీటర్లు): 3.3808 × 10⁻¹⁹ జౌల్ = 2.1102 ఎలక్ట్రాన్‌వోల్టులు

భేదం సుమారు 0.005 ఎలక్ట్రాన్‌వోల్టు. తరగతిగదిలో వాడుకలో ఉన్న సులభమార్గంలో 1240ని నానోమీటర్లతో భాగించి మూడు సార్థక అంకెలకు కుదిస్తే రెండింటికీ 2.11 వస్తుంది. రెండు మూలకాలు ఒక్కటైపోతాయి. గ్రహణవేళ కంటికి జరిగిన పొరపాటే ఇక్కడ కాగితంపై పునరావృతమవుతుంది.

4. కాంతి విద్యుత్ ఫలితం

1887లో హెర్ట్జ్ గమనించిన ఈ ఫలితాన్ని 1905లో ఐన్‌స్టీన్ వివరించారు. 1916లో మిల్లికన్ ప్రయోగాలు ఆ సమీకరణాన్ని ధ్రువపరచాయి. ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజశక్తి ఫోటాన్ శక్తికి, లోహపు పని ప్రమేయానికి మధ్య భేదం.

పొటాషియం పని ప్రమేయాన్ని 2.30 ఎలక్ట్రాన్‌వోల్టులుగా తీసుకుందాం. సౌరజ్వాలల ఎర్రని హైడ్రోజన్ రేఖ (656.3 నానోమీటర్లు) శక్తి 1.89, డి3 శక్తి 2.11, ఎంత తీవ్రంగా ప్రసరించినా ఇవి ఎలక్ట్రాన్‌ను వెడలించలేవు. నీలి-ఆకుపచ్చ హైడ్రోజన్ రేఖ (486.1 నానోమీటర్లు) శక్తి 2.55 గనుక 0.25 ఎలక్ట్రాన్‌వోల్టు మిగులుతుంది. వేగాన్ని కనుగొనేముందు దీనిని 4.0 × 10⁻²⁰ జౌల్‌గా మార్చాలి. అప్పుడు వేగం సెకనుకు సుమారు 3.0 × 10⁵ మీటర్లు.

2.55ను ముందే 2.6గా కుదిస్తే అందులో దోషం 2 శాతమే. కాని తీసివేత తరువాత 0.25కు బదులు 0.3 వచ్చి, దోషం 20 శాతానికి చేరుతుంది. దగ్గరి విలువల భేదమే సమాధానమైనపుడు చివరి మెట్టు వరకు అంకెలను నిలుపుకోవడం అనివార్యం.

5. ముగింపు

ఆనాటి పరిశీలకులు గుంటూరులో పసుపు రేఖను చూశారు. దానిని హీలియంగా గుర్తించలేదు. అయితే ఆ గుర్తింపునకు అవసరమైన తీరికను ప్రసాదించిన పద్ధతి మొదట అక్కడే రూపుదిద్దుకుంది. గుంటూరు ఘనతను ఈ మేరకు చెప్పడమే చరిత్రకు న్యాయం. ఒకటిన్నర నానోమీటరు కూడా లేని భేదాన్ని కాపాడుకున్నందువల్లనే ఒక మూలకం వెలుగుచూసింది. ప్రమాణాల మార్పిడిలో విద్యార్థి కాపాడుకోవలసినదీ అటువంటి భేదాన్నే.