అమెరికా పడమటి సీమలో చర్మశిల్పము

చర్మకార వృత్తి హీనమైనదని మన దేశమున పెక్కు తరములు మనకు బోధింపబడినది. హీనత్వము వృత్తియందు లేదని చూపుటకు అమెరికా పడమటి సీమలోని పిస్తోలు ఒర చరిత్రమే చాలును. ఆయుధము వలన జరిగిన హింసను మేము మెచ్చుట లేదు. దానికై చేసిన తోలుపనిని మాత్రమే సోదరసోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

1836లో శామ్యూల్ కోల్టు తిరుగుడు పిస్తోలునకు అమెరికాలో హక్కుపత్రము పొందెను. తొలుత పెద్ద పిస్తోళ్లను గుఱ్ఱపు జీను ముందుభాగమున తగిలించెడివారు. 1848లో కాలిఫోర్నియాయందు బంగారము బయల్పడిన పిమ్మట, నడుమున కట్టుకొనదగిన పిస్తోళ్లకు గిరాకి హెచ్చెను. వానికి ఒరలు కుట్టినవారు జీనులు చేయు చర్మకారులే. ఆయుధపు ఆకృతికి సరిపడ సన్నగా కుట్టిన ఒరకు కాలిఫోర్నియా ఒర యని పేరు. తోలుపై పూలును తీగలును చెక్కు విద్య స్పెయిను నుండి మెక్సికోకును, అచ్చటినుండి కాలిఫోర్నియాకును వచ్చినది. 1870 తరువాత, ఒకే తోలుముక్కను వెనుకకు మడచి, మడతలో కోసిన గాట్లగుండ ఒరను దూర్చు మెక్సికో పద్ధతి వ్యాపించెను. షయ్యెన్ పట్టణమునందలి మీనియా మొదలగు జీనుకారులు తమ పనిపై తమ పేరు ముద్రించుకొనిరి. వారి దుకాణములు ఊరి నడివీధిలో నుండెడివి. మన గూడెములు ఊరి వెలుపల నుండెడివి.

క్రొత్తగా నేర్చువాడు చెట్టుచెక్కతో పదునుచేసిన, సుమారు 3 మిల్లీమీటర్ల మందము గల తోలును గ్రహింపవలెను. క్రోము తోలుపై చెక్కడము నిలువదు. తోలును తడిపి, దాని సహజవర్ణము తిరిగి వచ్చుచుండగా గీతలు కోయవలెను. గీత ప్రక్కను ముద్రతో అణచినచో పువ్వు పైకి లేచినట్లు కానవచ్చును. పిదప అంచుల నడుమ సన్నని తోలుపట్టీ నుంచి, మైనము పూసిన దారమును రెండు సూదులతో ప్రతి రంధ్రమునను ఇరువైపులనుండి దూర్చి కుట్టవలెను. ఒక కుట్టు తెగినను తక్కినవి విడిపోవు. చివరకు ఒరను మరల తడిపి, తూటాలు తీసిన పిస్తోలును అందుంచి, వ్రేళ్లతో నొక్కి రూపు తేవలెను. అల్ స్టోల్మన్ (1919–1998) ఈ విద్యను పటములతో గ్రంథములుగా వ్రాసినందున, ఎవ్వరైనను ఇంటనే నేర్వగలుగుచున్నారు.

ఇది మనకు పరాయి విద్య కాదు. ఆరె, రంపె మన యింటి పనిముట్లు. సున్నపునీట నానవేసి, తంగేడు చెక్క లందలో మనవారు పదునుచేసినది ఇట్టి తోలే. 19వ శతాబ్దమున చెన్నపురి రాజధాని నుండి అది ఇంగ్లండునకు ఎగుమతియై, ఈస్టిండియా తోలని పేరొందెను. లందలో దిగినవారి పేరు మాత్రము దానిపై లేదు.

కావున పెద్దలు జీవించియుండగనే వారి పనితీరును, పనిముట్ల పేర్లను, కొలతలను గ్రామగ్రామమున వ్రాయించి యుంచుట ఈ మహాసభ కర్తవ్యమని మేము తలంచుచున్నాము. మన పనిపై మన పేరును మనమే ముద్రింపవలెను.