అయిదు స్వరముల బాట: కార్వేటినగరము నుండి గిటారు దాకా

తిరుత్తణి అనగానే మనవారికి కొండమీది సుబ్రహ్మణ్యస్వామి జ్ఞప్తికి వచ్చును. ఆ వెనుక 1888లో అక్కడి తెలుగు కుటుంబమున జన్మించి రాష్ట్రపతియైన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జ్ఞప్తికి వత్తురు. తిరువళ్ళూరు అనగా వీరరాఘవస్వామి సన్నిధి. ఈ ప్రాంతము సంగీతమునకు చేసిన మేలు మాత్రము మనలో అంతగా చెప్పుకొనబడుట లేదు. ఆ మేలులో కొంత భాగము నేడు మన పిల్లల చేతిలోని గిటారు దాకా వచ్చి నిలిచినదని చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట చరిత్ర. పూర్వము తిరుత్తణి కార్వేటినగర జమీందారీలోనిది. ఆ సంస్థానము తెలుగు పదములకు, వర్ణములకు పుట్టినిల్లు. వేణుగోపాల ముద్రతో పదములు చెప్పిన సారంగపాణి ఆ ఊరివాడే. మోహన రాగమున వర్ణము రచించిన గోవిందసామయ్యయు అక్కడివాడే. రాజధాని, దాని పుణ్యక్షేత్రము ఒకే ఏలుబడిలో ఉండెడివి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు కూడ అవి విడిపోలేదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణ అమలు జరిగి తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు పోయినది, సత్యవేడు ఆంధ్రకు వచ్చినది. కార్వేటినగరము చిత్తూరు జిల్లాలోనే నిలిచినది. 1997లో చెంగల్పట్టు నుండి తిరువళ్ళూరు జిల్లా వేరుపడగా తిరుత్తణి అందులో చేరినది. ఈ విధముగా ఒక్క జమీందారీ నేల రెండు రాష్ట్రముల పాలైనది. గీత గీసినవారు నేలను పంచగలిగిరి గాని పాటను పంచలేకపోయిరి.

ఈ నేలకు మరియొక ఘనత కలదు. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు మదరాసు చెంతనున్న మణలిలో ముద్దుకృష్ణ మొదలియారు ఆదరణలో ఉండిరి. ఆయన తెలుగున కూడ రచనలు చేసిరి. హంసధ్వని రాగమును కల్పించినది ఆయనే అని ప్రసిద్ధి. ముత్తుస్వామి దీక్షితులు చిదంబరనాథయోగి వెంట కాశికి వెళ్ళి, తిరిగి వచ్చి తిరుత్తణి కొండపై ఉపాసన చేయుచుండగా, ఒక వృద్ధుడు వారి నోట కలకండ ఉంచెనని సంప్రదాయ కథ. వారి తొలి కృతి మాయామాళవగౌళలోని 'శ్రీనాథాది' అక్కడ వెలువడినదే. అక్కడి గుహుని పేరే 'గురుగుహ' ముద్రయై జీవితాంతము వారి కృతులలో నిలిచినది.

ఆ కుటుంబము మణలిలో ఉన్న కాలముననే దొరల బ్యాండు వాద్యమును విన్నది. తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చి మన కచేరీకి తెచ్చెను. అన్నగారు ఆ పాశ్చాత్య మెట్లకు సంస్కృత సాహిత్యము కూర్చి 'నొట్టుస్వర' రచనలు చేసిరి. ఇంగ్లండు రాజగీతపు మెట్టు కూడ అందులో ఒకటి. ఈ వంశపు విద్యనంతటిని సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'గా 1904లో ఎట్టయపురమునుండి ప్రకటించిరి. తమిళదేశము నడుమ అచ్చయిన ఆ మహాగ్రంథము తెలుగు లిపిలోనిది. పరాయి వాద్యమును చూచి బెదరక, దానిని మనది చేసికొనుట ఆ ఇంటివారు రెండు వందల ఏండ్ల క్రిందటనే చూపిన దారి.

ఇక స్వరముల సంగతి. షడ్జము, చతుశ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము, చతుశ్రుతి ధైవతము, ఈ అయిదింటి కూడిక మన మోహనము. సంగీతము నేర్చు ప్రతి బిడ్డయు 'వరవీణ' గీతముతో దీనిని పట్టును. తరువాత రామ్నాడ్ శ్రీనివాసయ్యంగారి 'నిన్నుకోరి' వర్ణము నేర్చును. కర్త తమిళుడు, మాట తెలుగు. 1957 నాటి 'మాయాబజార్'లో వెన్నెల రాత్రి పడవపాట 'లాహిరి లాహిరి' దీని నీడలోనిదే. ఉత్తరాదివారు భూప్ అనునది, పాశ్చాత్యులు మేజర్ పెంటటానిక్ అనునది ఈ అయిదు స్వరములే. 1964లో వచ్చిన 'మై గర్ల్' అను అమెరికా పాట మొదట గిటారు పలుకు వరుస మోహన ఆరోహణమే. మన పిల్లవాడు దానిని సరిగపదస అని చదివి చూచుకొనవచ్చును.

అమెరికాలోని నల్లజాతివారి కష్టములనుండి పుట్టిన బ్లూస్ సంగీతమున, దానినుండి వచ్చిన బ్లూస్ రాక్‌లో, గిటారు విద్వాంసులు ఒంటరిగా అల్లుకొను వాయింపు ఒకటి కలదు. దానికి వారు ఎక్కువగా వాడునది మైనర్ పెంటటానిక్. అది మన శుద్ధధన్యాసి: షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము. దుఃఖము పలుకునది ఇది, ఊరట పలుకునది మోహనము. ఒకే వాయింపులో ఈ రెంటిని మేళవించుటలో బి.బి. కింగ్ (1925–2015) దిట్ట.

మోహనపు ధైవతమును షడ్జముగా భావించి అవే స్వరములు పాడిన శుద్ధధన్యాసి వచ్చును. రిషభమున మధ్యమావతి, గాంధారమున హిందోళము, పంచమమున శుద్ధసావేరి పలుకును. మనవారు గ్రహభేదమనునది ఇదే. గిటారుపై ఈ శాస్త్రము వ్రేళ్ళకు అందును. 'ఎ' శ్రుతికి అయిదవ మెట్టున మైనర్ వాయించు వ్రేళ్ళ అమరికను మూడు మెట్లు క్రిందికి, అనగా రెండవ మెట్టుకు దించిన అదే శ్రుతికి మోహనమగును.

ఐతే ఎల్లయెడల మోహనమే వాయించిన చెల్లదు. బ్లూస్ పాట తరచుగా పన్నెండు కొలతల చక్రము. అయిదవ కొలతలో తోడు వాద్యము మధ్యమమును ఆధారముగా చేసికొని మధ్యమ, ధైవత, షడ్జములతో సాధారణ గాంధారమును కలిపి మ్రోగించును. అప్పుడు మోహనపు అంతర గాంధారము దానితో ఒరయును. అందుచేత తెలిసినవారు అక్కడ శుద్ధధన్యాసికి జారి, చక్రము షడ్జమునకు తిరిగిన వెంటనే మోహనమునకు వత్తురు. సాధారణ గాంధారమును తీగ లాగి అంతర గాంధారము వైపు నెట్టుట వారికి ప్రాణము. వీణపై తీగను లాగి గమకము పలికించువారికి ఈ పని కొత్త కాదు.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను. స్వరముల జాబితా రాగము కాదు. ఏ స్వరముపై నిలువవలెనో, ఏది ఎట్లు కదలవలెనో తెలిసిననే మోహనము. అది కృతులు విని, పాడి తెలియవలసినది. పాలకొల్లులో 1969లో పుట్టి మదరాసున స్థిరపడిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై గమకములతో కృతులు పలికించి, జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటారు విద్వాంసుని సరసన కూర్చుండి లోకమును మెప్పించెను. 2014లో ఆయన దాటిపోయినను ఆ దారి తెరచియే ఉన్నది.

ఇంకొక మాట మనసును కలచునది. 2006 నాటి చట్టముతో తమిళనాట బడులలో తమిళము తప్పనిసరియైనది. ప్రవాసమున మరియొక భాష తప్పనిసరి. తెలుగు చదువరాని పిల్లలు తెలుగు కీర్తనను పర లిపిలో వ్రాసికొని పాడుచున్నారు. తమిళ లిపిలో 'క'కును 'గ'కును అక్షరమొక్కటే కదా! స్వరము నిలిచి మాట మాసిపోవుచున్నది. గిటారు మన సంగీతమునకు శత్రువు కాదు, మన అశ్రద్ధయే శత్రువు. పిల్లవాడు మేజర్ పెంటటానిక్ సాధన చేయునపుడు తల్లి ప్రక్కన కూర్చుండి 'నిన్నుకోరి' తెలుగు అక్షరములతో వ్రాసి ఇచ్చి, అర్థము చెప్పి, అతనితో కలిసి పాడవలెను. అదే వ్రేళ్ళకు అదే స్వరములు, నోటికి తన భాష.

ఈ నూతన సంవత్సరమున ప్రతి ఇంటను ఒక్క వర్ణమైనను తెలుగు అక్షరములలో నేర్వబడుగాక అని కోరుచున్నాము.