మధుమేహము - దాని పూర్వరూపము

నేడు తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగరు వీధులలో నడచువారికి ఒక దృశ్యము తఱచుగా కనబడును. భుజమునకు సంచి తగిలించుకొన్న యువకుడొకడు బండి దిగి ఒక యింటి తలుపు తట్టును. ఇంటివారింకను కాఫీ త్రాగియుండరు. అతడు మోచేతి మడత వద్ద కొంచెము రక్తము తీసికొని, సీసాపై పేరు వ్రాసికొని పోవును. సాయంకాలమునకు ఫలితము వచ్చును. కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగరు, ఎల్.బి. నగరు - ఎక్కడ చూచినను ఇదియే తీరు. కొందఱి యిండ్లలో ఆ యువకుని యవసరము కూడ లేదు, అలమారులోనే గ్లూకోమీటరున్నది. ఇంత సులభముగా కనబడు ఈ పరీక్ష వెనుక రెండువేల యేండ్ల అన్వేషణ కలదు.

మధుమేహమును మన ప్రాచీన వైద్యులెఱుగుదురు. చరకసంహిత ప్రమేహములను ఇరువది విధములుగా విభజించినది. అంతకంటె గమనింపదగిన విషయము వేఱొకటి యున్నది. వ్యాధి ముదురుటకు ముందు కనబడు చిహ్నములను ఆ గ్రంథము ‘పూర్వరూపము’లని ప్రత్యేకముగా పేర్కొన్నది. నోటిలో తీపి, దప్పిక, సోమరితనము, అరచేతులయందును అరికాళ్లయందును తిమ్మిరి, మంట, మూత్రమునకు చీమలు చేరుట - ఇవి యందులోనివి. రోగమును చూచుట యొక యెత్తు. రాబోవు రోగమును చూచుట మఱియొక యెత్తు. ఈ రెండవదాని కొఱకే నేటి రక్తపరీక్ష.

ఐరోపాలో 1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు రోగుల మూత్రము తేనెవలె తియ్యగా నుండునని వ్రాసెను. ఆ తీపి చక్కెరయే యనియు, రక్తములోని ద్రవభాగము కూడ తియ్యగా నుండుననియు 1776లో మాథ్యూ డాబ్సన్ తెలిపెను. అనగా దోషము మూత్రపిండములలో లేదు, శరీరమంతటను ఉన్నదన్నమాట. 20వ శతాబ్దారంభమున బెనెడిక్ట్ ద్రావకము వచ్చినది. నీలి ద్రావకములో మూత్రము వేసి కాచినచో, చక్కెర కొలదిగా అది ఆకుపచ్చ, పసుపు, తుదకు ఇటుక రంగునకు మాఱును. 1919లో హార్వర్డునందు ఆటో ఫోలిన్, హ్సియెన్ వూ అనువారు రక్తములోని చక్కెరను రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ హార్వర్డు జీవరసాయన శాఖయందే, మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి, రక్తములోని భాస్వరమును రంగుతో కొలుచు విధానమును 1925లో వెలువరించెను. రక్తరసాయన శాస్త్రమునకు పునాదులు పడిన ఆ కాలమున తెలుగువాని చేయియు అందున్నదని మనము సంతోషింపవచ్చును.

అయినను చాలకాలము ఇండ్లలో జరిగినది మూత్రపరీక్షయే. దానియందొక పెద్ద లోపమున్నది. సరూర్‌నగరు చెరువును తలచుకొనుడు. అలుగు పారినప్పుడే చెరువు నిండినదని బయటివారికి తెలియును. గట్టు లోపల నీరు ఎంతవఱకు పెరిగినదో అలుగు చెప్పజాలదు. అట్లే రక్తములో చక్కెర డెసిలీటరునకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినగాని మూత్రములో సాధారణముగా కనబడదు. కనుక పూర్వరూపము ఆ పరీక్షకు అందనే లేదు.

1922 జనవరిలో టొరాంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను బాలునకు ఇన్సులిన్ ఇచ్చుటతో మధుమేహ చికిత్సలో నూతనయుగ మారంభమైనది. ఇన్సులినును తగు మోతాదులో వాడుటకు చక్కెర లెక్క తెలియవలెను. 1956లో మూత్రములో ముంచి చూచు కాగితపు స్ట్రిప్పు వచ్చెను. 1960 దశకము నడుమ రక్తబిందువునకు తగిన స్ట్రిప్పు వచ్చెను. 1970లో ఆ రంగును చదువు యంత్రము వెలువడినది. అది బరువైనది, ఖరీదైనది, వైద్యుల కొఱకే ఉద్దేశింపబడినది. 1962లో లీలండ్ క్లార్క్ సూచించిన ఎంజైము విద్యుద్ధ్రువము ఆధారముగా, 1987 నాటికి కలమంత మీటరు జేబులో ఇమిడినది. టెహరానునందు శామ్యూల్ రహబర్ 1968లో గమనించిన హీమోగ్లోబిను మార్పు నుండి, రెండు మూడు నెలల సగటు తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్ష పుట్టినది.

ఇదంతయు మన నగరమునకు ఏల ముఖ్యమో వినుడు. 2000 సంవత్సరమున ఆఱు మహానగరములలో మధుమేహ సర్వే జరిగినది. ఇరువదేండ్లు నిండినవారిలో మధుమేహము హైదరాబాదునందు 16.6 శాతము, ఆఱింటిలో ఇదియే అధికము. గ్లూకోజు త్రాగించి చూచినపుడు మధుమేహమునకును ఆరోగ్యమునకును నడుమ నున్నవారు 29.8 శాతము. అనగా పదిమందిలో దాదాపు ముగ్గురు గడప మీద నిలిచియుండిరి. వారిలో ఎందఱికి ఆ సంగతి తెలిసియుండును? పూర్వరూపమునకు నొప్పి లేదు; అందుచేతనే భయము లేదు.

నేటి లెక్క యిది. పరగడుపున 126, లేదా హెచ్‌బిఎ1సి 6.5 శాతము, అంతకు మించినచో మధుమేహము. అమెరికా మధుమేహ సంఘము లెక్కలో 100 నుండి 125 వఱకు, 5.7 నుండి 6.4 వఱకు పూర్వస్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు లెక్కను 110 నుండి ఎంచును. ఇంటి మీటరు ఈ తీర్పు చెప్పుటకు చాలదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణము 100కు పైబడిన కొలతలలో నూటికి 15 వంతుల తేడాను అనుమతించును. నిజముగా 110 ఉన్నవానికి మీటరు 94 అనవచ్చును, 126 అనవచ్చును. అనగా ఒకమాఱు ఆరోగ్యవంతుడు, ఒకమాఱు రోగి. కావున మీటరు, నిర్ధారణమైన వ్యాధిని కనిపెట్టుటకు మంచి తోడు. వ్యాధి యున్నదా లేదా యని తేల్చునది ప్రయోగశాల. హెచ్‌బిఎ1సి కూడ ఇనుము లోపించిన రక్తహీనతలో ఎక్కువగా చూపవచ్చును; మన యిండ్లలో స్త్రీలకు ఈ సంగతి ముఖ్యము.

పరీక్షకు ముందు టేపు ఒకటి చాలును. 2005లో మద్రాసు పరిశోధకులు ప్రకటించిన గణనము నాలుగే ప్రశ్నలడుగును: వయస్సెంత, నడుము చుట్టుకొలత యెంత, దేహశ్రమ యున్నదా, తల్లిదండ్రులకు మధుమేహమున్నదా? నూటికి అఱువది గాని అంతకు మించి గాని వచ్చినవారు రక్తపరీక్ష చేయించుకొనవలెను. తెలిసికొని ఏమి ప్రయోజనమందురా? 2006లో వెలువడిన భారతీయ పరిశోధనలో, పూర్వస్థితిలోనివారు ఆహారమును, నడకను సరిదిద్దుకొనగా, సుమారు మూడేండ్లలో వ్యాధిలోనికి జాఱుట 28.5 శాతము తగ్గినది.

ఎల్.బి. నగరునకు పోవు దారిలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు చాలకాలము మామిడిపండ్ల వాసనతో నిండియుండెడిది. మార్కెట్టు బాటసింగారమునకు తరలినది. ఆ స్థలమున 2022 ఏప్రిలులో పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. పండ్లున్నచోట ఆసుపత్రి వచ్చుట కాలమహిమ యని నిట్టూర్చుట సులభము. కాని ఆసుపత్రి మెట్లెక్కుటకు ముందే, పరగడుపున ఒక చెంచాడు రక్తమిచ్చి, పూర్వరూపమును పోల్చుకొనుట మన చేతిలోనిదే. చీమలు చెప్పువఱకు వేచియుండవలసిన కాలము గడచిపోయినది.