మూడు దినముల గడువు

ఆంధ్ర మహాభారతము చదివినవారికి సరమ కథ తెలిసియే యుండును. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశునకము కొడుకు సారమేయుడు అచ్చటికి ఆడుకొన వచ్చెను. రాజు తమ్ములు ఆ పిల్లను నిష్కారణముగా కొట్టిరి. తల్లి కొలువునకు వచ్చి రాజునే నిలదీసెను. అంతటి ఇతిహాసము ఆరంభముననే ఒక కుక్కపిల్ల తిన్న దెబ్బలకు చోటిచ్చుట సామాన్యమైన విషయము కాదు. చివరకు వచ్చునప్పటికి, ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైనను రానని నిలిచెను. ఇంత చెప్పుకొన్న మన వాడుకలో 'కుక్క బ్రతుకు', 'కుక్క చావు' అనునవి మాత్రము తిట్లుగానే మిగిలినవి.

దిక్కులేని కుక్కను చేరదీసి, దాని దేహమును మనస్సును బాగుచేసి, మంచి ఇంటికి ఒప్పగించు పని నేడు లోకమున ఎన్నో నగరములలో సాగుచున్నది. ఈ పనికి ఒక చరిత్ర కలదు. అది రాజాస్థానమున గాక, లండను నగరములోని ఒక వంటయింటిలో మొదలైనది.

1860వ సంవత్సరము. మేరీ టీల్బీ యను ఆమెకు అప్పటికి అరువది యేండ్లు కావచ్చినవి. భర్తతో కాపురము విడిపోయి, లండనులో తన వారి యొద్ద నుండెడిది. ఆమె స్నేహితురాలొకతె వీథిలో ఆకలితో పడియున్న కుక్కనొకదానిని ఇంటికి తెచ్చి వంటయింట పరుండబెట్టెనట. ఇరువురును దానికి ఉపచారములు చేసిరి. అది బ్రతుకలేదు. అయినను ఆ రాత్రులు మేల్కొనిన టీల్బీకి ఒక సంగతి మనస్సున నాటుకొనినది: ఒక వంటయింట పట్టునది ఒక కుక్కయే, వీథిలో ఉన్నవి వేలు. ఆమె హాలోవే ప్రాంతమున గుఱ్ఱపుశాలల వెనుక చోటు సంపాదించి, తమ్ముని యొక్కయు మిత్రుల యొక్కయు సాయముతో ఒక శరణాలయము తెరచెను. దానికి పెట్టిన పేరు 'తప్పిపోయిన, ఆకలిగొన్న కుక్కల తాత్కాలిక గృహము'. ఈ 'తాత్కాలిక' అను మాటను శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

ఆ యేడు అక్టోబరులోనే టైమ్స్ పత్రిక ఆ ప్రయత్నమును ఎగతాళి చేసెను. కుక్కలకు ఇల్లేమిటి, తరువాత పిల్లులకా, ఎలుకలకా అను ధోరణిలో నగరమున పరిహాసములు బయలుదేరినవి. ఆ ఎగతాళి వెనుక ఒక న్యాయమైన ప్రశ్న లేకపోలేదు. నాటి లండనులో తిండిలేని పిల్లలు వీథులలో నిద్రించుచుండిరి. మనిషి బిడ్డకు లేని నీడ కుక్కకేల అని అడిగినవానిని క్రూరుడని కొట్టివేయరాదు. దానికి టీల్బీ వాదముతో బదులు చెప్పలేదు. చందాలు పోగుచేసి, గదులు కడిగించి, వచ్చిన కుక్కకు గంజి పోయించెను. 1862లో డికెన్సు సంపాదకత్వమున వెలువడుచున్న పత్రిక ఒక వ్యాసము ప్రకటించి, బహుమతుల కొఱకు అలంకరించిన కుక్కల ప్రదర్శనమును, ఈ దిక్కులేని కుక్కల ప్రదర్శనమును ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. దానితో జనులకు నవ్వు కొంత తగ్గినది. ఆమె 1865లో మరణించెను.

ఆమె వెళ్లిన రెండేండ్లకు, 1867లో, లండను వీథుల చట్టము వచ్చినది. దిక్కులేని కుక్కలను పట్టు అధికారము పోలీసులకు దక్కెను. యజమాని రాకయున్న యెడల మూడు దినములు ఆగి, ఆపై అమ్మవచ్చును, లేదా చంపవచ్చును. శరణాలయము 1871లో బాటర్‌సీ అను పేటకు మారినది. పోలీసులు పట్టిన కుక్కలు బండ్లకొలది అచ్చటికి చేరనారంభించినవి. వంటయింట మొదలైన దయ ఇట్లు గడియారమునకు కట్టుబడెను. 1884లో బెంజమిన్ రిచర్డ్‌సన్ అను వైద్యుడు నొప్పి తెలియకుండ ప్రాణము తీయు విషవాయువు గది నొకదానిని అచ్చట నెలకొల్పెను. మరుసటి యేడు విక్టోరియా రాణి సంస్థకు పోషకురాలైనది. ఒకే గృహమునకు రాణిగారి అభయమును, విషవాయువు గదియు! దీనిని కపటమనుట సులభము. కాని ఆ కాలమున వీథిలో కుక్కకు ప్రాప్తించు చావు కఱ్ఱదెబ్బల చావు. అంతకంటె ఇది మేలని ఆ వైద్యుడు నమ్మెను. నాకు తోచునది వేరొకటి: వారికి దయ కొఱవడలేదు, దినములే కొఱవడినవి. చిక్కి, గజ్జి పట్టి, మనిషి చేయి చూచిన వణకు కుక్క మూడు దినములలో ఎవరి మనసు దోచుకొనగలదు? చక్కని కుక్క అమ్ముడుపోవును. బాగుపడవలసిన కుక్కకే కాలము కావలెను, దానికే కాలము లేదు. 1906 నాటి చట్టము ఆ గడువును ఏడు దినములు చేసెను.

మన దేశమున కుక్కల కొఱకు ప్రజలు లేచినది ఇంతకు మునుపే. 1832లో బొంబాయి ప్రభుత్వము వీథికుక్కలను చంపింప బూనగా, కుక్కను పవిత్రముగా నెంచు పారసీకులు తిరుగబడిరి, అంగళ్లు మూసివేసిరి. కాని అది ప్రాణము నిలుపుటకు జరిగిన పోరు. నిలిచిన ప్రాణమును బాగుచేయు విద్య అప్పటికి పుట్టలేదు.

ఆ విద్య యొక్క మొదటి పాఠములు విచిత్రముగా యుద్ధభూమి నుండి వచ్చినవి. 1917లో రిచర్డ్‌సన్ అను సేనాని (పై వైద్యుడు కాదు, వేరొకడు) బ్రిటిష్ సైన్యమునకు వార్తలు మోయు కుక్కలను తయారుచేయుటకు పాఠశాల తెరచెను. కుక్కలెక్కడివి? అనేకము బాటర్‌సీ గృహము నుండియే వచ్చినవి. ఎవరికిని పనికిరాదని తోసివేయబడిన కుక్క ఫిరంగుల మ్రోతలో పరుగెత్తవలెను. ఆయన పద్ధతి కొరడా కాదు. దూరమున తుపాకి మ్రోగించి, దగ్గర ఆహారము పెట్టుట. దినదినము ఆ మ్రోతను చేరువ చేయుట. తప్పు చేసిన కుక్కను కొట్టరాదని ఆయన కట్టడి. భయమును భయముతో గాక, ఇష్టమైన వస్తువుతో జోడించి కరగింపవలెనన్న ఈ సూత్రమే నేటికిని భయపడిన కుక్కలతో పనిచేయువారు అనుసరించుచున్నది.

1961లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు మరొక సంగతి ప్రకటించిరి. మనిషి స్పర్శ లేక పదునాలుగు వారములు పెరిగిన కుక్కపిల్ల తరువాత మనుష్యులను చేరదీయుటకు మిక్కిలి కష్టమగుచున్నదట. అనగా ఎవరో కొట్టినందువలననే కుక్క బెదరదు. ఎవరును పలుకరింపకున్నను బెదరును. నిర్లక్ష్యము కూడ ఒక గాయమే యని దీనివలన తేలినది.

తిండి సంగతియు అట్టిదే. ఎముకలు తేలిన కుక్కకు తొలినాడే కడుపునిండ అన్నము పెట్టుట అపాయకరము. దీర్ఘకాలము పస్తున్న శరీరము తన కండనే కరగించుకొని బ్రతుకుచుండును. ఒక్కుమ్మడిగా ఆహారము పడగానే రక్తములోని భాస్వరము మున్నగునవి పడిపోయి గుండె తడబడును. రెండవ ప్రపంచ యుద్ధాంతమున చెరల నుండి విడుదలైన మనుష్యులలో వైద్యులు దీనిని స్పష్టముగా చూచిరి. కావున కొంచెము కొంచెముగా, దినమునకు పలుమార్లు, వైద్యుడు చెప్పిన కొలతతో పెట్టవలెను. ఇది జీతగాండ్రు కొలదిగా ఉండి వందల కుక్కలున్న శరణాలయమున జరుగు పని కాదు. ఎవరో ఒకరి ఇల్లు కావలెను.

ఇంటి విలువ న్యాయస్థానమున తేలినది 2007లో. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, మైకేల్ విక్ అను ప్రఖ్యాత ఫుట్‌బాల్ ఆటగాని ఆస్తిలో కుక్కల పోట్లాటల స్థావరము బయటపడెను. ఆ యేప్రిల్‌లో అధికారులు పిట్‌బుల్ జాతి కుక్కలను ఏబదికి పైగా స్వాధీనము చేసికొనిరి. అట్టి కుక్కలను కేసు ముగియగానే చంపుట అంతకుమునుపటి ఆచారము. అవి సాక్ష్యపు వస్తువులు. కత్తి వలె, తుపాకి వలె. జంతు సంక్షేమమునకు పేరుపడిన పెద్ద సంస్థలు సయితము చంపుటయే మేలనిరి. న్యాయస్థానము మాత్రము ఒక్కొక్క కుక్కను విడివిడిగా పరీక్షింపించెను. నలువది తొమ్మిదింటిని పరీక్షింపగా, దౌష్ట్యము కారణముగా చంపవలసివచ్చినది ఒక్కటియే. మఱియొకటి రోగమువలన పోయెను. తక్కిన 47 కుక్కలను సంస్థలకు అప్పగించిరి. వాటి పోషణకై విక్ సుమారు 9 లక్షల 28 వేల డాలర్లు చెల్లింపవలెనని ఉత్తరువైనది. కాలమునకు వెల కట్టి, దోషిచేత కట్టించినట్లైనది.

వీటిలో 22 కుక్కలు యూటా రాష్ట్రములోని ఒక విశాలమైన ఆశ్రయమునకు చేరినవి. తక్కినవి పెక్కు గృహస్థుల ఇండ్లకు. జాస్మిన్ అను ఒక కుక్క సంగతి చెప్పవలెను. అది పోట్లాడు కుక్క కాదు, మిక్కిలి భీరువు. ఇంటికి వచ్చిన తరువాత తన పెట్టె విడిచి రాదు. ఎత్తుకొని పెరటిలోనికి తీసికొనిపోవలసివచ్చెడిది. విడిచినచో నేలకు అంటుకొని పడియుండెడిది. ఆ ఇల్లాలు దానిని లాగలేదు, బుజ్జగింపుల వాన కురిపింపలేదు. అదే వేళకు అదే గిన్నె, అదే చోట మౌనముగా కూర్చుండుట. ఇట్లు నెలలు గడచినవి. మూడు దినములు గాని, ఏడు గాని దానికి ఏ మూలకు! మఱికొన్ని త్వరగా తేరుకొని, ఆస్పత్రులలో రోగులకు తోడుగాను, చదువుకొను పసివారి ప్రక్కన కూర్చుండు నేస్తములుగాను పనిచేసినవి. అన్నియు ఇండ్లకు పోలేదు. కొన్ని ఆజన్మాంతము ఆశ్రయముననే ఉండవలెనని న్యాయస్థానము విధించెను. దయకు కూడ పరిశీలన కావలెనని దీని అర్థము.

మన యెడ మద్రాసు నగరమున 1959లో కెప్టెన్ సుందరము, ఆయన కుటుంబము బ్లూ క్రాసు సంస్థను స్థాపించిరి. చంపుట మాని, గర్భనిరోధ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి విడువుడని వారు దశాబ్దములపాటు వాదించిరి. మద్రాసు కార్పొరేషను 1996లో చంపుట మానెను. 2001లో ఆ పద్ధతియే దేశమునకంతకు నియమమై, 2023లో సవరింపబడినది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల బ్లూ క్రాసును ప్రారంభించిరి. ఆ 2023లోనే ఫిబ్రవరి మాసమున హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీథికుక్కల దాడిలో మరణించెను. 1860లో టీల్బీని అడిగిన ప్రశ్న ఇచ్చట మఱింత ఘోరరూపమున లేచినది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కుక్కలను శరణాలయములకు తరలింప ఆజ్ఞాపించి, 22న దానిని సవరించి, రోగము గాని దౌష్ట్యము గాని లేనివానిని చికిత్స, టీకాల తరువాత విడువవచ్చుననెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ముందు కుక్కల హక్కులను గూర్చి ఉపన్యసింపలేము. అట్లని పట్టిన కుక్కనంతటిని గోడల నడుమ త్రోసినచో, బాటర్‌సీ పడిన చిక్కే మనకును వచ్చును: చోటు చాలదు, దినములు చాలవు.

ఇండ్లకు పోగలిగినవి కొన్నియే. వాటిని కొన్ని వారములు తమ ఇంట నుంచుకొనుటకు ఒప్పుకొను గృహస్థులు మన నగరములలోను ఉన్నారు. మొదట వైద్యుని పరీక్ష, టీకా. ఒక మూల గోనెపట్టా. పిల్లలను దానిమీద పడనీయకుండుట. కన్నులలోనికి తేఱి చూడక ప్రక్కకు తిరిగి కూర్చుండి, అది తానే వచ్చి చేయి వాసన చూచువఱకు ఓపిక పట్టుట. ఆ నాడు వచ్చిన తరువాత కొన్నాళ్లకు, కొత్త యజమానులు తలుపు తట్టుదురు. సాకినవారికి అన్నింటికంటె కష్టమైన దినము అది.

బాటర్‌సీ గృహము నేటికిని ఉన్నది. దాని పేరులోని 'తాత్కాలిక' అను మాట ఎప్పుడో పోయినది. కాని శాలలో ఇమడలేని కుక్కలను ఆ సంస్థయే ఇప్పుడు ఇష్టపడి ముందుకు వచ్చువారి ఇండ్లకు, కొన్ని వారముల కొఱకు, పంపుచున్నది. అవి పోయి పరుండునది బహుశః ఏ వంటయింటిలోనో.