అక్షరాలు రాలినా ఊనిక మిగిలింది

స్పానిష్ మాటని అక్షరాలుగా విడగొట్టి, ఊనిక ఎక్కడ పడుతుందో చెప్పే ప్రోగ్రామ్ రాయడం పెద్ద కష్టం కాదు. మాట అచ్చుతోగానీ, న్, స్‌లతోగానీ ముగిస్తే చివరినుంచి రెండో అక్షరాన్ని నొక్కాలి. వేరే హల్లుతో ముగిస్తే చివరి అక్షరాన్ని. ఇందుకు లొంగని మాటల్లో, నొక్కే అచ్చు మీద చిన్న గీత పెడతారు. అంతే. కానీ ఈ సూత్రం ఊనిక ఎక్కడో చెప్తుంది, ఎందుకో చెప్పదు. అది తెలియాలంటే లాటిన్ దాకా వెళ్ళాలి.

లాటిన్ నియమం ఛందస్సు చదివినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. మూడు, అంతకు మించి అక్షరాలున్న మాటలో చివరినుంచి రెండోది గురువైతే ఊనిక దానిమీద, లఘువైతే దాని ముందుదానిమీద.

స్పానిష్‌లో 'కంతో' అంటే 'పాడతాను'. ఊనిక మొదటి అక్షరం మీద. అదే మాటలో 'తో'ని నొక్కితే 'పాడాడు' అని అర్థం. ఈ రెండోది లాటిన్ 'కంతావిత్' నుంచి వచ్చింది. అక్కడ ఊనిక 'తా' మీద. వాడుకలో అది 'కంతౌత్' అయింది, ఆ 'ఔ' తర్వాత 'ఓ' అయింది. చివర్న ఉన్నవి రాలిపోయాయి, ఊనిక మాత్రం కదల్లేదు.

'కంతరే', అంటే 'పాడబోతాను', ఇంకో దారిలో వచ్చింది. లాటిన్ పాత భవిష్యద్రూపం పోయి, 'పాడటం' అనే మాట పక్కన 'కలిగి ఉండు' అనే క్రియ చేరింది, ఇంచుమించు మన 'పాడాల్సి ఉంది' లాగా. చివరి ఊనిక ఆ రెండో క్రియది. 1492లో వచ్చిన తన స్పానిష్ వ్యాకరణంలో నెబ్రిహా ఈ అతుకుని గుర్తించాడు కూడా.

ఊనిక అసలు జరగదని కాదు. 'పాడేవాళ్ళం' అనే 'కంతాబమోస్'లో, మిగతా రూపాల పోలికతో అది 'బ' నుంచి 'తా'కి జరిగింది. ఇటాలియన్‌లో ఇంకా పాతచోటే ఉంది.

ఇప్పుడు బ్యూనోస్ ఐరిస్ వెళ్దాం. అక్కడ 'నువ్వు పాడతావు' అనడానికి 'కంతాస్' అని చివర నొక్కుతారు. స్పెయిన్‌లో మొదట నొక్కుతారు. 19వ శతాబ్దంలో ఆంద్రేస్ బెల్యో అంతటి వ్యాకర్త కూడా ఈ 'వోస్' వాడకాన్ని తప్పుపట్టాడు. కానీ 'వోస్' మన 'మీరు' లాంటి బహువచనమే, తర్వాత చనువులోకి దిగింది. దాని క్రియ లాటిన్ 'కంతాతిస్' నుంచి వచ్చింది, ఊనిక అప్పుడూ 'తా' మీదే. వీధిలో వినబడే ఆ నొక్కు మొరటుతనం కాదు, రోమ్ నుంచి వచ్చిన వారసత్వం. ఒకరి యాసని తప్పనేముందు దాని వెనక ఏ అక్షరాలు రాలిపోయాయో చూడటం న్యాయం.